పొగబండి: ఆటలోను, బొబ్బిలిలోను

బొబ్బిలి యనగానే తెలుగువారికి 1757వ సంవత్సరము జనవరి నెలలో జరిగిన యుద్ధము తలపునకు వచ్చును. పిమ్మట, ఒకే పనసమ్రానును తొలిచి వీణగా మలచు గొల్లపల్లి పనివారు జ్ఞప్తికి వత్తురు. బొబ్బిలికి ఇంకొక విశేషము కూడ కలదు. దానిని తలచువారు అరుదు. అది బొబ్బిలి రైలు జంక్షను. విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా రాయపూరు పోవు పెద్ద మార్గమునుండి సాలూరు శాఖ విడిపోవు చోటు అదియే. నేటి బాలబాలికలు పెక్కుమంది కంప్యూటరు తెరపై రైలుమార్గములు వేయుచు, ఆవిరియంత్రములు కట్టుచు ఉత్సాహముతో ఆడుకొనుచున్నారు. వారి ఆటను ఈ చిన్న శాఖ ప్రక్కన నిలిపి చూచినచో, ఆట నేర్పునది ఎంతయో, నేర్పలేనిది ఏదియో తేటపడును.

మైన్‌క్రాఫ్ట్ అను ఆట స్వీడను దేశమున పుట్టినది. 2009లో తొలిరూపమున వెలువడి, 2011లో సంపూర్ణరూపమును పొందినది. అందలి ప్రపంచమంతయు ఘనాకారపు దిమ్మెలతో నిర్మింపబడినది. ఒక్కొక్క దిమ్మె మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గలదిగా లెక్క. ఆడువాడు నేలను త్రవ్వి ఇనుపరాతిని తీయును. కొలిమిలో కరగించి కడ్డీలు చేయును. వరుసకు మూడు చొప్పున తొమ్మిది గడులలో సరకులను పేర్చి, కావలసిన వస్తువును తయారుచేసికొనును. కుడియెడమల నిలువు వరుసలలో మూడేసి ఇనుపకడ్డీలు, నట్టనడిమి గడిలో ఒక పుల్ల పెట్టినచో 16 పట్టాలు సిద్ధమగును. ఒక్కొక్క పట్టా ఒక మీటరు దారికి సరిపోవును.

ఈ లెక్కనుబట్టి బొబ్బిలి నుండి సాలూరునకు ఆటలో రైలు వేయవలెనన్న ఎంత సరకు పట్టునో చూడవచ్చును. ఈ శాఖ పొడవు సుమారు 18 కిలోమీటర్లు. అనగా 18,000 పట్టాలు కావలెను. వానికి 6,750 ఇనుపకడ్డీలు, 1,125 పుల్లలు చాలును. కొలిమిలో కడ్డీ ఒకటికి పది సెకనులు పట్టును. బొగ్గు ముక్క ఒకటి ఎనిమిది కడ్డీలను కరగించును. కాబట్టి ఒక్క కొలిమితోనే పని సాగించినచో 844 బొగ్గుముక్కలు, 18 గంటల 45 నిమిషముల కాలము అక్కరకు వచ్చును. ఆటలోని బండి మిక్కిలి వేగముగా పోయినప్పుడు సెకనుకు 8 మీటర్లు పోవును. ఆ వేగము చెడకున్నచో బొబ్బిలిలో ఎక్కినవాడు 37 నిమిషములు దాటునంతలో సాలూరులో దిగును. పట్టుదల గల పిల్లవాడు వేసవి సెలవులలో ముగింపదగిన పనియే ఇది.

నిజమైన దారికి ఇది చాలదు. పూర్వము గజమునకు 90 పౌనుల బరువు గల పట్టాలు మన దేశమున విరివిగా వాడుకలోనుండెను. అట్టి పట్టాలను రెండు వరుసలుగా 18 కిలోమీటర్లు పరచుటకు సుమారు 1,600 టన్నుల ఉక్కు కావలెను. క్రింద పరచు కొయ్య స్లీపర్లు ఇరువదివేలకు పైబడును. ఆటలో పదునారు మీటర్ల దారికి ఒక్క పుల్లతో సరిపెట్టుట చూచి నిజపు రైల్వే వడ్రంగి నవ్వుకొనక మానడు. స్లీపర్ల క్రింద కంకరరాయి, కంకర క్రింద మట్టికట్ట, కట్టకు అడ్డముగా వచ్చు ప్రతి వాగునకు తూము, ప్రతి గెడ్డకు వంతెన ఉండవలెను. ఆటలోని పట్టాలకు ఇవేవియు అక్కరలేదు. అవి గడ్డిపైననే పరచుకొనును.

ఈ కొరతను ఆటగాండ్రు కూడ గుర్తించిరి. మూలపు ఆటలో కొలిమిబండి యొకటి ఉన్నది. దానిలో బొగ్గు వేసినచో అది తక్కిన బండ్లను నెట్టుకొని పోవును. కాని అందులో నీటి ప్రసక్తి లేదు. నీరు లేనిచో ఆవిరి లేదు. ఆవిరి లేనిది పొగబండి యెట్లగును? ఇట్లు అసంతృప్తి చెందిన కొందరు తామే అదనపు భాగములను వ్రాసి ఆ ఆటకు చేర్చిరి. వానిలో రైల్‌క్రాఫ్ట్ అనునది మిక్కిలి పేరు పొందినది. అందులో రైలుదారి వేయుట అంత సులభము కాదు. మొదట ఇటుకలవంటి 26 దిమ్మెలతో, నడుమ డొల్లగా, కోకు బట్టీని కట్టవలెను. దానిలో బొగ్గును కాల్చినచో కోకును, క్రియోసోటు అను నల్లని తైలమును లభించును. కొయ్యపలకలకు ఆ తైలము పట్టించిన పిమ్మటనే అవి స్లీపర్లుగా పనికివచ్చును. ఇది కల్పన కాదు. కొయ్య స్లీపర్లు వానకు కుళ్లకుండ, చెదలు పట్టకుండ క్రియోసోటు పట్టించుట నిజపు రైల్వేలలో చిరకాలముగా నున్న ఆచారమే.

రైల్‌క్రాఫ్ట్‌లో ఆవిరి పుట్టించుటకు బాయిలరును కట్టవలెను. దానికి నీటిని, ఇంధనమును అందించుచుండవలెను. ఇచ్చట ఆట కఠినమైన నియమము నొకదానిని పెట్టినది. బాయిలరు వేడిగా నున్నప్పుడు నీరు పూర్తిగా అయిపోయి, ఆ పిమ్మట దానిలో మరల నీరు పోసినచో, అది ప్రేలిపోవును. చుట్టుప్రక్కల కట్టిన కట్టడమంతయు దానితో పోవును. వారముల తరబడి పడిన శ్రమ క్షణములో బూడిదయైన పిల్లవాడు ఆ పాఠమును ఎన్నటికిని మరువడు. ఈ నియమము నిజమునకు ఎంత దగ్గరగా నున్నదో తెలిసికొనుటకు ఇంజను లోపలికి చూడవలెను.

పొగబండి ఇంజనులో వెనుకభాగమున నిప్పుపెట్టె యుండును. అచ్చట పుట్టిన వేడిగాలి అనేకములైన గొట్టముల గుండ బాయిలరులోని నీటి నడుమనుండి పోయి పొగగొట్టమును చేరును. నీరు ఆవిరియైనప్పుడు, సాధారణపు వాయుపీడనము క్రింద, దాని పరిమాణము 1,600 రెట్లకు పైగా పెరుగును. అంత చోటు కోరు ఆవిరిని ఇరుకైన ఉక్కుపీపాలో బంధించుటచేతనే దానికి బలము కలుగుచున్నది. ఆ ఆవిరి సిలిండరులోనికి పోయి పిస్టనును ఒకసారి ముందునుండి, ఒకసారి వెనుకనుండి త్రోయును. పిస్టనుకు తగిలించిన కడ్డీ చక్రమును త్రిప్పును. పని ముగించిన ఆవిరి పొగగొట్టము గుండ పైకి దూకును. దూకునప్పుడు అది తనతో పొగను కూడ లాగుకొని పోవుటచే, నిప్పుపెట్టెలోనికి క్రొత్తగాలి చొరబడి మంట రగులును. రెండు సిలిండర్ల ఇంజనులో చక్రము ఒక్క చుట్టు తిరుగునంతలో ఇట్లు నాలుగుమారులు జరుగును. పిల్లలు నోటితో అనుకరించు ‘ఛుక్ ఛుక్’ ధ్వని అదియే. బండి వేగము పెరిగినకొలది ఆ ధ్వని హెచ్చును. ధ్వని హెచ్చినకొలది మంట పెరుగును. మంట పెరిగినకొలది ఆవిరి సమృద్ధియగును. ఎంత పని పడునో అంత ఊపిరి తానే తీసికొను యంత్రము ఇట్టిది మరియొకటి లేదని చెప్పవచ్చును.

నిప్పుపెట్టెకు పైకప్పుగా నుండు లోహపురేకుపై సదా నీరు నిలిచి యుండవలెను. క్రిందనుండి తగులు భయంకరమైన వేడిని ఆ నీరే లాగుకొనుచుండును. నీటిమట్టము తగ్గి రేకు బయలుపడినచో, అది క్షణములలో ఎఱ్ఱగా కాలి మెత్తబడును. పైనున్న ఆవిరి ఒత్తిడికి ఆగలేక క్రిందికి క్రుంగి పగులును. అప్పుడు బాయిలరులోని నీరంతయు ఒక్కసారిగా ఆవిరిగా మారును. ఆ ప్రేలుడుకు ఇంజనుపై నున్నవారు బ్రతుకుట కల్ల. కాలిన రేకుపై నీరు పడుటచే ఆపద పెరుగునన్నది నిజమే. కాని అసలు శత్రువు ఉక్కు మెత్తబడుట. నీరు పోయకున్నను అది విడిచిపెట్టదు. ఆటలో మాత్రము నీరు పోయునంతవరకు ఎండిన బాయిలరు ఓపికతో వేచియుండును. ఆట ఈ విషయమున సగము సత్యమే చెప్పినది.

ఈ కారణముచేతనే డ్రైవరు, ఫైర్‌మన్ ఇరువురును నిలువుగా బిగించిన గాజుగొట్టమువైపు మాటిమాటికి చూచుచుందురు. బాయిలరులోని నీరు ఎంతవరకున్నదో ఆ గొట్టములో కనబడును. వారి చూపు తప్పినను కాపాడుటకు నిప్పుపెట్టె కప్పులో సులభముగా కరగు సీసపు బిరడా నొకదానిని బిగింతురు. నీరు తగ్గినచో మొదట అదియే కరగును. ఆ రంధ్రము గుండ ఆవిరి నిప్పుపై దూకి అపాయమును చాటును. ఒత్తిడి మితిమీరినప్పుడు తానై తెరచుకొను రక్షణ కవాటము వేరుగా నుండును. బొగ్గుకంటె నీటికే ముందుగా తడుముకొనవలసిన యంత్రము గనుకనే, ఆవిరికాలమున రైలుదారుల వెంట తగిన దూరములలో ఎత్తైన నీటితొట్లు, ఇంజనుకు నీరు పోయు ఇనుప స్తంభములు వెలసినవి.

భారతదేశమున ప్రయాణికుల మొదటి రైలు 1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయి నుండి ఠాణాకు నడచినది. విజయవాడ నుండి కటకమువరకు తూర్పుతీరపు మార్గము 1893, 1896 సంవత్సరముల నడుమ ముక్కముక్కలుగా తెరువబడి, విజయనగరమునకు రైలు వచ్చినది. అచ్చటినుండి బెంగాల్ నాగపూర్ రైల్వేవారు లోపలి ప్రాంతములవైపు చూపు సారించిరి. విజయనగరము నుండి బొబ్బిలి మీదుగా పార్వతీపురమువరకు 79 కిలోమీటర్ల మార్గము 1908–09లో తెరువబడెను. సాలూరునకు శాఖ 1913లో ఏర్పడెను. పార్వతీపురము నుండి నాగావళీ తీరమున నున్న రాయగడ మీదుగా రాయపూరువరకు మార్గము పూర్తియగునప్పటికి 1931వ సంవత్సరము వచ్చెను. విశాఖపట్టణపు ఓడరేవు 1933లో తెరువబడుటకు ఇది రెండేండ్ల ముందుమాట. మధ్యభారతపు సరకును సముద్రమునకు చేర్చు ద్వారమును దారియు దాదాపు ఒకేమారు సిద్ధమైనవి.

పార్వతీపురమునకు ఆవల పనికి అన్నియేండ్లు పట్టుటకు కొండలును ఒక కారణమే. ఇచ్చట ఆటకును నిజమునకును గల అంతరము మిక్కిలి పెద్దది. ఆటలో ఒక దిమ్మె ముందుకు పోవునంతలో ఒక దిమ్మె పైకి ఎక్కవచ్చును. మేడమెట్లకంటె నిటారైన ఆ దారిపై బండి వెనుదీయదు. నిజపు ఇంజను చక్రమును ఉక్కే, పట్టాయును ఉక్కే. నునుపైన రెండు ఉక్కుతలముల నడుమ పట్టు స్వల్పము. ఆ స్వల్పమైన పట్టుచేతనే సమతలముపై ఇంత బరువును ఇంత తేలికగా లాగుట సాధ్యమగుచున్నది. ఆ కారణముచేతనే ఏటవాలుపై చక్రములు జారుచున్నవి. నూరడుగులు పోవునంతలో ఒక్క అడుగు ఎక్కు దారియే బరువుబండికి కష్టమైనది. అందుచేత రైలు కొండను నేరుగా ఎక్కదు. నదీలోయలను వెదకుకొనుచు, వంపులు తిరుగుచు, అవసరమైనచోట సొరంగము దూరి పోవును. సాలూరు తూర్పుకనుమల పాదమున నున్నది. అచ్చటినుండి పొట్టంగి, కొరాపుట్టు, జయపురమువైపు ఘాటురోడ్డు పైకెక్కును. రైలు మాత్రము సాలూరులోనే ఆగినది.

ఆగినచోటికి అర్థము లేకపోలేదు. కొండలనుండి దిగివచ్చు చింతపండు మొదలైన అటవీసరకులును, చుట్టుప్రక్కల మైదానముల ధాన్యమును, ఆ రోడ్డుమీదుగా సాలూరు చేరి రైలెక్కవలసినవే. ఎడ్లబండ్ల కాలమున ఇంతకంటె మంచి యేర్పాటు వేరొకటి తోచదు.

ఒక మార్గమునకు సరకే ప్రాణమన్న సంగతి ఇదే ఉత్తరాంధ్రలో మరియొకచోట ఇంకను స్పష్టముగా కనబడును. శ్రీకాకుళము జిల్లాలోని నౌపడ పెద్దమార్గముపై నున్న స్టేషను. అచ్చటినుండి పర్లాకిమిడి సంస్థానాధీశులు తమ రాజధానికి సొంతముగా ఒక చిన్న రైలుమార్గమును వేయించిరి. ఏడులక్షల రూపాయల వ్యయముతో, రెండున్నర అడుగుల వెడల్పుతో, సుమారు 40 కిలోమీటర్ల దారి 1900 ఏప్రిల్‌లో ప్రారంభమైనది. తన యింటికి తానే రైలు వేసికొను నేటి ఆటగానికి నిజజీవితమున అన్నగా నిలువదగిన ప్రభువు ఆయనయే! కాని ఆటలో పట్టాలన్నియు ఒకే కొలత. నౌపడలో అట్లు కాదు. పెద్దమార్గపు వెడల్పు అయిదున్నర అడుగులు. అందుచే చిన్నబండిలో వచ్చిన ప్రతి బస్తాను దించి, కూలీల మూపులపై మోయించి, పెద్దబండిలోనికి ఎక్కించవలసి వచ్చెను. మొదటి యేండ్లలో ఆ రైలునకు నష్టమే మిగిలినది. సరకును ప్రయాణికులును పెరిగిన పిమ్మట లాభము కనబడగా, మార్గమును గుణుపురమువరకు పొడిగించిరి. ఆ పని 1931కి ముగిసెను. ఆ చిన్నదారిపై పొగబండ్లు 1990 తరువాతకూడ కొంతకాలము నడచినవి. 2004లో చిన్నబండ్లను ఆపి, ఆ దారిని పెద్దమార్గపు కొలతకు మార్చిరి. నష్టములతో పుట్టిన దారి నిలిచినది.

సాలూరు శాఖ కథ వేరొకవిధముగా నడచినది. ఏ ఘాటురోడ్డు రైలునకు సరకు తెచ్చెనో ఆ రోడ్డే దానికి పోటీ యయ్యెను. మోటారులారీకి చక్రము రబ్బరుది. అది ఏటవాలుపై జారదు. కొరాపుట్టులో ఎక్కించిన సరకును సాలూరులో దింపకుండనే విశాఖపట్టణము చేర్చగలదు. నౌపడలో కొలతలు కుదురక బస్తాలు దింపిన కూలీల శ్రమ వంటిదే సాలూరులో లారీనుండి రైలునకు మార్చు శ్రమ. దానిని తప్పించుకొనుటకు వర్తకుడు వెనుకాడునా? రానురాను సాలూరు లారీల ఊరుగా ఆంధ్రదేశమంతట పేరుపొందినది. రైలు చివరిస్టేషనుగా నున్న పట్టణము లారీయజమానుల పట్టణమగుట విచిత్రముగా తోచవచ్చును గాని, రెంటికిని కారణము ఒక్కటే: అది కొండ పాదమున నున్నది.

ఈలోపల పొగబండ్ల కాలమే ముగింపునకు వచ్చెను. స్వతంత్ర భారతమున చిత్తరంజన్ కర్మాగారము 1950లో తొలి ఆవిరి ఇంజనును తయారుచేసినది. పెద్దమార్గమునకు అది చేసిన చివరి ఆవిరి ఇంజనుకు ‘అంతిమ్ సితారా’ యని పేరు పెట్టిరి. అది 1970లో వెలువడినది. 1972 తరువాత అచ్చట ఆవిరి ఇంజనుల నిర్మాణమే ఆగిపోయినది. డీజిలు వచ్చినది, పిమ్మట విద్యుత్తు. సాలూరు శాఖపై పెట్టెల వరుసతో బండి నడపుట దండుగ యనిపించి, రైలుబస్సు అను చిన్న వాహనమును ప్రవేశపెట్టిరి. బస్సువంటి ఒంటిపెట్టెకు డీజిలు యంత్రమును అమర్చి పట్టాలపై నడపుటయే రైలుబస్సు. పెద్ద ఇంజను పోవలసిన దారిపై అది ఒంటరిగా పోవుచుండ చూచి వినోదించినవారు కలరు. అయినను చాలకాలము బొబ్బిలికి, సాలూరునకు మధ్యనున్న పల్లెలవారిని తక్కువ టిక్కెట్టుతో చేరవేసినది అదియే.

ఆటలో ఇట్టి చిక్కు రానేరాదు. అందలి రైలునకు టిక్కెట్టు కొనువారు లేకున్నను నష్టము లేదు. లారీ పోటీ లేదు. ఇంకొక వింత కూడ కలదు. ఆడువాడు తాను వేసిన దారిని విడిచి చాలదూరము పోయినచో ఆ ప్రదేశమంతయు నిశ్చలమైపోవును. బండి ఉన్నచోటనే నిలుచును. నిప్పు ఆరదు, నీరు ఇంకదు, కాలమే కదలదు. నెలలు గడచి అతడు తిరిగివచ్చిన క్షణమున బండి ఆగినచోటినుండి కదలును. పట్టాకు చిలుము పట్టదు. స్లీపరు కుళ్లదు.

బొబ్బిలి వద్దగాని, వేరొకచోటగాని, నిజపు దారి అట్లు వేచియుండదు. ఒక వానకాలము గడచునప్పటికి కంకరలో గడ్డి మొలచును. కట్ట ప్రక్క మట్టి కోసికొనిపోవును. ఎండకు ఉక్కు పొడవు సాగి, చలికి ముడుచుకొనును. బండి అదురుకు బిగింపులు వదలును. అందుచే కీమాన్ అను పనివాడు ప్రతిదినము తనకు నిర్ణయించిన దూరమును సుత్తి భుజమున వేసికొని కాలినడకను పోవును. వదలిన బిగింపులను కొట్టి సరిచేయును. విరిగిన పట్టాయేమైన కనబడినచో ఎఱ్ఱజెండా నాటి బండిని ఆపించును. ఆ దారిపై దినమునకు నలుబది బండ్లు పోవుచున్నను, ఒక్క రైలుబస్సే పోవుచున్నను, అతడు నడవవలసిన దూరము అంతే.